సంతకం లేని ఉల్లిపాయ రికార్డు

మా బయాలజీ మాస్టారు పోయారని పాత క్లాసు గ్రూపులో మెసేజ్ వచ్చేసరికి, నేను పాఠాలు చెప్పే కాలేజీలో పిల్లల ప్రాజెక్టు టాపిక్కులు దిద్దుతున్నాను. బారిడీహ్‌లో మా ఇంటి నుంచి బిర్సానగర్‌లో ఆయన ఇంటికి స్కూటీ మీద పావుగంట. ఆ పావుగంట వెళ్ళడానికి నాకు ఇరవై రెండేళ్ళు చాలలేదు. సిగ్గుగా ఉన్నా ఆ సంగతి చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

టెల్కో లారీల ఫ్యాక్టరీ కాలనీలో మా స్కూలు, ఇల్లు దాటితే అంతా హిందీయే. పదకొండో క్లాసులో ఒక్కొక్కరూ ఒక పరిశోధన టాపిక్కు తేవాలి. నేను గొప్పగా కేన్సర్ కణాలు అని రాసుకెళ్ళాను. ఆయన నిమ్మళంగా కొట్టేశారు.

"ఇదెందుకమ్మా నీకు? మీ ఇంట్లో బతికున్నదేటో సూసుకో. పులిసిన పిండుంటాది, పెరుగుంటాది. ఉల్లిపాయ నేదా?"

అదే ఆయన పద్ధతి. ఒకడు దోసెల పిండి తెచ్చాడు. నా స్నేహితురాలు, సంతాలీ గిరిజనుల పిల్ల, వాళ్ళ అమ్మమ్మ బియ్యపు కల్లు కోసం చేసే పులియబెట్టే ఉండలు తెచ్చింది. కల్లు సరుకు బడికి తెచ్చిందని స్టాఫ్‌రూమ్‌లో గొడవైతే మాస్టారు, "ఈస్ట్ కా క్యా కసూర్ హై, సార్?" అని, ఈస్టు చేసిన తప్పేమిటన్నట్టు, హిందీలో అడిగి ఊరుకున్నారట. నాకు ఉల్లిపాయ వేళ్ళు దక్కాయి.

వేరు కొసను రంగులో నానబెట్టి, గాజు పలకల మధ్య బొటనవేలితో నొక్కితే కణాలు విడివిడిగా పరుచుకుంటాయి. నిద్రపోతున్న పిల్ల బుగ్గ నొక్కినట్టు నొక్కమనేవారు. ఆ రంగుకి ఆయన బొటనవేలు ఏడాది పొడుగునా ఎర్రగానే ఉండేది. "మా ఇంట్లో గోరింటాకు పెట్టుకునేది నేనొక్కడినే" అని తన మీద తనే నవ్వుకునేవారు.

ఆయన నియమం ఒక్కటే. వేళ్ళు పొద్దున్నే ఏడింటికి కోయాలి, ఒక్కో కణం రెండుగా విడిపోవడం ఎక్కువగా జరిగేది అప్పుడే. మాది ఒక్క గది క్వార్టరు. నాన్నకి ఆ వారం సి షిఫ్టు. రాత్రంతా ప్లాంటులో నిలబడి, పొద్దున్న ఆరున్నరకి వచ్చి కిటికీ పక్క మంచం మీద పడుకునేవాడు. నా ఉల్లిపాయ గ్లాసు ఆ కిటికీలోనే ఉంది. తీద్దామని వెళ్తే అమ్మ చెయ్యి పట్టుకుంది. "సప్పుడు సెయ్యకే. ఇప్పుడే కన్నంటుకుంది ఆయనకి."

సాయంత్రం నాన్న లేచాక కోశాను. మైక్రోస్కోపులో ఎంత వెతికినా ఒక్క కణమూ రెండుగా విడిపోతూ కనబడలేదు. భయమేసింది. పుస్తకంలోని కణవిభజన నాలుగు దశల బొమ్మలూ ముద్దుగా రికార్డులోకి ఎక్కించేశాను.

మాస్టారు నా స్లైడు చాలాసేపు చూశారు. తర్వాత బొమ్మలు చూశారు.

"ఎన్నింటికి కోసినావు?"

"ఏడింటికి సార్."

మళ్ళీ స్లైడు చూశారు. కోప్పడలేదు. "పుస్తకంలో బొమ్మ బాగుంటాది. నీ స్లైడులో ఏటున్నాదో అది రాసి తే. ఎప్పుడైనా తే. సంతకం అప్పుడు పెడతాను."

మార్కులు తగ్గించలేదు. సంతకం మాత్రం పెట్టలేదు. ఒక్క గదిలో కాపురం ఉంటున్నామని, నాన్న నిద్ర కోసం పని చెడగొట్టుకున్నానని ఆయన ముందు చెప్పడం నాకు నామోషీ అనిపించింది. చాలా ఏళ్ళు ఆయన మీద కోపం కూడా ఉండేది. తర్వాత నేనే టీచరునయ్యాను. నా పిల్లలు కనబడనిది కనబడిందని రాసుకొస్తే, ఆయన మాటే నా నోట్లోంచి వచ్చేది. అయినా వెళ్ళలేదు. వచ్చే ఆదివారం, వచ్చే సెలవులు అనుకుంటూనే ఉండిపోయాను.

ఆయన పోయిన పదకొండో రోజున ఆ రికార్డు పట్టుకుని వెళ్ళాను. మాస్టారి భార్య నా చేతిలోది చూసి, "నువ్వు ఉల్లిపాయ పిల్లవేటి?" అంది. అవునని తల ఊపాను. జరిగింది చెప్పాను, నాన్న నిద్రతో సహా.

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఆయనకి సెప్పీసుండాల్సిందమ్మా. మా మావగారిదీ సి షిఫ్టే. పగలంతా ఈయనా, తమ్ముళ్ళూ మెట్ల మీద కూకుని సదూకునేవోరట, ఇంట్లో పుస్తకం తిప్పితే నాన్న లేచిపోతాడని."

ఎవరికి చెప్పుకోవడానికి సిగ్గుపడ్డానో, ఆ గది ఆయనదీను.

ఆయన ఫోటో ముందు కూర్చుని, నాలుగు బొమ్మల మీదా అడ్డంగా గీత కొట్టి కింద రాశాను. వేళ్ళు సాయంత్రం కోశాను. పొద్దున్న నాన్న నిద్రపోతున్నాడు. విడిపోయే కణం ఒక్కటీ కనబడలేదు.

ఫ్యాను గాలికి పేజీ లేచిపోతుంటే ఆవిడ మాస్టారి కళ్ళజోడు తెచ్చి దాని మీద పెట్టింది. అద్దం కింద, సంతకానికి వదిలిన చోటు ఉన్నదానికంటే పెద్దదిగా, తెల్లగా కనబడుతోంది.