సప్పుడు లేని జాడ

ఆలేరుకు నాలుగు మైళ్ళ అవతల, గొర్రెలు కాసే కురుమ ఇంట పుట్టి కురుమ ఇంటికే కోడలైన గుర్వమ్మకు చదువు రాదు గాని, మందలో ఒక్క గొర్రె తప్పినా పొద్దు గుంకేలోపు పసిగట్టేది. మాట దాచడంలోనూ ఆమెకు అంతే పేరు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తమ కడుపులోని దుఃఖమంతా ఆమె దగ్గర దించుకునేవారు. అది ఇంకో చెవిన పడిందని ఎవరూ అనగా వినలేదు.

అట్లాంటి మనిషికి సొంత బిడ్డనే దాచుకోవలసి వచ్చింది.

కూతురు మల్లిక, ఊరి చివర చర్చి వాడకు చెందిన విజేందర్‌ను పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఆ ఏడే తండ్రి బీరప్ప పోయాడు. దినాల నాడు కొడుకు దామోదర్ చుట్టాలందరి ముందూ అన్నాడు: "బాపు దాని ఫికర్‌తోనే పోయిండు. నాకు చెల్లె లేదు. దాని గడప తొక్కినోళ్ళు నా గడప తొక్కొద్దు."

గుర్వమ్మ తల వంచుకుని వింది. మల్లికకు ఆడపిల్ల పుట్టిందని భువనగిరి దవాఖానలో నర్సుగా చేసే గ్రేస్ కబురు పంపిన నాడు మాత్రం ఆగలేకపోయింది. గ్రేస్ విజేందర్‌కు అక్క. ఆమె వెంట వెళ్ళి, భువనగిరి గుట్ట కింది గల్లీలో ఒక్క గది ఇల్లు చూసి వచ్చింది. అప్పటినుంచి పదిహేను రోజులకొక బేస్తవారం, మోకాలికి సూది వేయించుకోవాలని చెప్పి ప్యాసింజర్ బండి ఎక్కేది. మనవరాలికి నూనె రాసి, నీళ్ళు పోసి, సాయంత్రానికి తిరిగొచ్చేది.

"అమ్మా, ఈ జాగ నీకు, గ్రేస్ వదినకు తప్ప ఎవ్వలికి ఎర్క లేదు," అంది మల్లిక మొదటి రోజే. "మేమెవలమో ఇల్లుగల్లామెకు చెప్పలే. చెప్తె కిరాయికి ఇయ్యకపోవు. నా నంబర్ గూడ నీ ఫోన్ల ఉండొద్దు."

"నా నోట్లకెల్లి రాదు బిడ్డా."

రాలేదు కూడా.

ఎండాకాలంలో గొర్రెల వెంట పోయిన గుర్వమ్మ వడదెబ్బ తగిలి బండల నడుమ పడిపోయింది. దామోదర్ పొద్దు వాలేదాకా వెతికి, భుజాన వేసుకుని తెచ్చాడు. మర్నాడు కొత్త ఫోను కొని, సంచిలో పెట్టి తల్లి మెడలో వేశాడు. "ఇది తియ్యకు అమ్మా. ఇగ నువ్వు యాడున్నా నాకు ఎర్కయితది." అంటూ సంచి తాడు ముడిని మరోసారి లాగి చూశాడు. ఆ ప్రేమ అబద్ధం కాదు.

యాడున్నా ఎర్కయితదంటే గుర్వమ్మకు భయం పట్టుకుంది. కాని ఉపాయం ఆమెకు తెలిసిందే. పరాయి చేను పక్కనుంచి మందను తోలేటప్పుడు ముందు నడిచే పొట్టేలు గంటలో గడ్డి కుక్కుతారు. మోగని గంట మెడలో ఉన్నా లేనట్టే. పక్కింటి కౌసల్యను అడిగి ఫోను సప్పుడు ఆపే మీట నేర్చుకుంది. బేస్తవారం బండి ఎక్కగానే అది నొక్కి, ఫోనును చేతిగుడ్డలో చుట్టి చేతిసంచి అడుగున పెట్టేది. నిమ్మళంగా కూర్చునేది.

ఆ తర్వాత నాలుగోసారి వెళ్ళేసరికి గదిలో బోళ్ళు మూటలు కట్టి ఉన్నాయి. మల్లిక పిల్లను తల్లి చేతికివ్వలేదు.

"అన్నొచ్చిండు ఆదివారం నాడు. లోపలికి రాలే. గేటు కాడ నిలవడి ఇల్లుగల్లామెకు మా ఇంటిపేర్లు, కులాలు అన్ని చెప్పి పోయిండు. రేపు ఖాళీ చెయ్యాలె. జాగ ఎవలు చెప్పిన్రు?"

"నాకేమెర్క బిడ్డా. నేను చెప్పలే."

"మరి గ్రేస్ వదిన చెప్పిందా?"

"అట్ల అంటనా? దేవుని తోడు, నేను నోరు తెరువలే."

"నువ్వు గాక ఇంకెవలు?" మల్లిక ముఖం తిప్పుకుంది. "పో అమ్మా. ఇగ రాకు."

బండిలో గుర్వమ్మ ఏడవలేదు. ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చున్న కొడుకును అడిగింది. "ఎవలు చెప్పిన్రు రా నీకు?"

దామోదర్ తన ఫోను తెరిచి ముందుకు జరిపాడు. తెర మీద గీతల నడుమ నీలం చుక్క ఒకటి. "గిది నువ్వే, నీ మెడల ఫోను. దవాఖాన గీడ, నువ్వు మూడుసార్లు గాడ. గల్లీల పోయి అడిగిన, దొరికిన్రు."

"సప్పుడు బంద్ చేసిన గద రా."

"దీనికి సప్పుడుతోని పనిలేదే."

ఆమె ఆ చుక్కను చాలాసేపు చూసింది. నోరు దాచింది గాని కాళ్ళు దాచలేదు. ఎవరి దుఃఖాన్నీ బయట పెట్టని మనిషి, నడిచి నడిచి బిడ్డ ఇల్లు చూపించింది.

తెల్లవారి ఫోనును గొర్రెల దొడ్లో వదిలి భువనగిరికి పోయింది. ఇదీ సంగతని చెప్పాలనే ఆరాటం. గదికి తాళం వేసి ఉంది. ఇల్లుగలామె కిటికీలోంచి చూసి పరదా లాగింది.

దవాఖాన వరండాలో గ్రేస్ దొరికేదాకా కూర్చుంది. చుక్క సంగతంతా చెప్పింది. గ్రేస్ చెయ్యి పట్టుకుంది. "చెప్త అత్తమ్మా. తప్పకుంట చెప్త."

నెల గడిచాక ఫోను ఇంట్లోనే పెట్టి మళ్ళీ దవాఖానకే పోయింది.

"చెప్పిన అత్తమ్మా. నమ్మింది. మస్తు ఏడ్చింది."

"మరి?"

"అయినా ఇప్పుడే వద్దన్నది. మల్ల ఇల్లు మారే ఓపిక లేదన్నది. అమ్మకు ఎర్క లేకుంటనే అమ్మకు మంచిది, మాకు మంచిది అన్నది. కాని మీరడిగితే నేను..."

"వద్దు బిడ్డా. జాగ చెప్పకు." గుర్వమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "నాకెర్కుంటె నా కాళ్ళు ఆగయి."

ఆలేరు బండికి ఇంకా గంటన్నర ఉంది.

"పిల్లకు పండ్లు వస్తున్నయి," అంది గ్రేస్.

"ఎన్నొచ్చినయి?"

"రెండు. కిందియి."

"కొరుకుతాంది?"

"మస్తు కొరుకుతాంది."

గుర్వమ్మ తన చూపుడువేలు కొసను బొటనవేలితో మెల్లగా నొక్కుకుంటూ కూర్చుంది.