ఆయుధ పూజలో ఆంప్లిఫయర్

పుంగనూరులో మాది వేరుశనక్కాయల మండీ. మా నాయన గల్లాపెట్టె ముందు కూర్చుంటాడు, నేను ఆయన పక్కన కూర్చుంటాను. నాకు నలభై ఏడేళ్లొచ్చినా మా కుర్చీలు మారలేదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా బేరాలుండవు కాబట్టి ఆ రెండు గంటలూ వెనక గోడౌన్‌లో గిటార్ వాయిస్తాను. ఈ ఊళ్లో ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు. ఉంటే వాళ్లూ నాలాగే ఏ మూటల వెనకో దాక్కుని ఉంటారు.

నిజం చెప్పాలంటే నేను వాయించేది తక్కువ, టోన్ వెతుక్కునేది ఎక్కువ. గిటార్ తీగ చేసే చిన్న సద్దును పెద్దది చేసి వినిపించే పెట్టె ఆంప్లిఫయర్. అదే తీగ, అదే వేలు, కానీ ఒకరి పెట్టెలోంచి నిండుగా వస్తుంది, ఇంకొకరి పెట్టెలోంచి రేకు డబ్బా మీద కొట్టినట్టు వస్తుంది. ఆ తేడానే టోన్ అంటారు. దాని కోసం జీవితాలు పాడుచేసుకున్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారని ఫోన్‌లో వీడియోలు చూశాక తెలిసి నాకు కాస్త ధైర్యం వచ్చింది.

మొదటి ఆంప్ మదనపల్లెలో కొన్నాను. భజన మందిరాలకు హార్మోనియాలూ తబలాలూ అమ్మే అంగడి అది. అంగడాయన నన్ను ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

"ఎంతమంది యినాలప్పా?"

"నేనొక్కణ్నే."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఒక్కరికి ఇంత డబ్బా యాలప్పా?"

అంగట్లో ఉన్న వాటిలో అన్నిటికన్నా పెద్దది చూపించమన్నాను. బోరుబావికి మోటారు కొనేటప్పుడు హార్స్ పవర్ చూసినట్టు దీనికి వాట్లు చూశాను. ఇంటికి తెచ్చి సౌండు నంబరు ఒకటి మీద పెడితే పక్కింటివాళ్లు వచ్చారు. ఒకటి దాటి ఆ నాబ్ ఎన్నడూ తిరగలేదు. పెద్ద ఆంప్‌ను అణిచిపెట్టి వాయించడం కన్నా చిన్నదాన్ని పూర్తిగా తెరిచి వాయిస్తేనే టోన్ వస్తుందని తెలుసుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది. వ్యాపారంలో నా తెలివి గురించి మా నాయనకు ఉన్న అభిప్రాయం మరీ తప్పేమీ కాదు.

ఆ తర్వాత బెంగుళూరులో ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తుంటే చిన్న వాల్వ్ ఆంప్ ఒకటి పాతది తెచ్చుకున్నాను. పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులే దీంట్లోనూ ఉంటాయి. స్విచ్ వేశాక అవి ఎర్రబడి వేడెక్కేదాకా ఆగాలి. దాన్ని గోడౌన్‌లో అన్ని మూలలా పెట్టి చూశాను. నేల మీద పెడితే గుమ్మని మోగింది. బల్ల మీద పెడితే పలచబడింది. చుట్టూ నిండు మూటలున్న చోట పెడితే మాత్రం మోత అంతా మూటలు మింగేసి, శుభ్రమైన సద్దు మిగిలేది. చిక్కేమిటంటే ధర రాగానే మా నాయన మూటలు అమ్మేసేవాడు, వాటితోపాటు నా టోనూ లారీ ఎక్కి వెళ్లిపోయేది. మండీకి లాభం వచ్చిన ప్రతిసారీ మూతి ముడుచుకుని తిరిగే వ్యాపారి జిల్లాలో నేనొక్కణ్నే అనుకుంటాను.

కిందటేడు దసరాకు రెండు నెలల ముందు నుంచి ఆ ఆంప్ ఎన్నడూ లేనంత బాగా పలకసాగింది. ప్రతి స్వరం అడుగునా సన్నగా, గుండ్రంగా ఏదో ఒక నిండుతనం. ఇదే కదా ఇన్నేళ్లూ వెతికింది అనుకున్నాను. రికార్డు చేసి, నాలాంటి పిచ్చివాళ్లుండే వాట్సాప్ గ్రూపులో పెట్టి, దీన్నే వాల్వుల వెచ్చదనం అంటారని ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. అందరూ మెచ్చుకున్నారు. వాళ్లవీ నా చెవుల్లాంటి చెవులే.

ఇక్కడ మా నాయన గురించి ఒక సంగతి చెప్పాలి. చుట్టుపక్కల పల్లెల్లో ఆయన చెయ్యి మంచిదని పేరు. విత్తనం కాయలకు వచ్చే రైతు తూకానికి ముందు సంచి తెరిచి పట్టుకుంటాడు. రాశిలోంచి మొదటి దోసెడు మా నాయన తన చేతులతో వేయాలి. తర్వాత మిగిలింది హమాలీలు పోసినా ఫరవాలేదు. సోమల నుంచీ నిమ్మనపల్లె నుంచీ దారిలో ఉన్న మండీలన్నీ దాటుకుని మనుషులు మా దగ్గరికి వచ్చేది ఆ ఒక్క దోసెడు కోసమే. నేను బీయస్సీ చదివాను కాబట్టి దాన్ని నమ్మను. దాని మీద వచ్చే అన్నం మాత్రం డెబ్బై ఎనిమిదేళ్ల ఆయన పక్కన కూర్చుని రోజూ తింటాను.

ఆయుధ పూజనాడు మండీలో కాటా, తరాజు, సంచులు కుట్టే దబ్బనాలు, స్కూటరు అన్నీ కడిగి వరసగా పెడతారు. ఆ రోజు పొద్దున నేను వచ్చేసరికి ఆ వరసలో, స్కూటరుకూ కాటాకూ నడుమ, నా ఆంప్ ఉంది. గోడౌన్‌లోంచి మా నాయనే మోసుకొచ్చి పెట్టాడట. పాతికేళ్లుగా నా గిటార్‌నీ దాని తాలూకు సరంజామానూ 'నీ సామాను' అని తప్ప ఇంకో మాటతో పిలవని మనిషి! నాకు పట్టలేనంత సంతోషమైంది. ఇన్నాళ్లకు నా పనిని కూడా పని అనుకున్నాడని పొంగిపోయాను. మా ఇండ్లలో అలాంటివి పైకి చెప్పుకోరు.

దానికి మూడు వేళ్లతో గంధం పూశాడు. కుంకుమ పెట్టాడు, బంతిపూల దండ వేశాడు. స్కూటరు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, చక్రాలు లేని దీనికి ఎక్కడ పెట్టాలో తెలియక నాలుగు మూలలా నాలుగు పెట్టాడు. కర్పూరం వెలిగించి, టెంకాయ కొట్టి, పసుపు నీళ్లలో మామిడాకు ముంచి అన్నిటి మీదా చల్లాడు. ఆంప్ మీద రెండుసార్లు చల్లినట్టు నాకు అనిపించింది. ఆపుదామనుకుని ఆగిపోయాను.

"పూజయినాక పని చేయించల్ల. వాయించు" అన్నాడు.

హమాలీలు నలుగురూ చుట్టూ నిలబడ్డారు. నేను స్విచ్ వేసి, వాల్వులు ఎర్రబడేదాకా ఆగి, గిటార్ తీగలు ఒక్కసారి మీటాను. ఆంప్ ఠప్‌మంది. వాల్వులు ఆరిపోయి, మాడిన వాసన వచ్చింది. దండలోంచి ఒక బంతిపువ్వు రాలింది.

అప్పుడు నేను నోరు జారాను. "కరెంటు సామాను మింద నీళ్లు సల్లుతారా ఎవురన్నా? నీ చెయ్యి పడితే ఏదన్నా బాగుపడతాదా నాయనా?"

హమాలీలు తలలు దించుకున్నారు. మా నాయన తన కుడిచెయ్యి ఒకసారి చూసుకుని, పసుపును కండువాకు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు మామూలుగానే వచ్చాడు, మామూలుగానే మాట్లాడాడు. సంగతి ముగిసిందనుకున్నాను. దీపావళి అయ్యాక బోర్ల కింద చెనిక్కాయలు వేసే రైతులు విత్తనానికి రాసాగారు. మొదట వచ్చిన సోమల రైతు సంచి తెరిచి పట్టుకున్నాడు. మా నాయన చేతులు ఒళ్లోంచి తీయలేదు.

"నా చెయ్యి మంచిది కాదంటప్పా" అన్నాడు, ధర చెప్పినంత మామూలుగా. "మావాడు కనిపెట్టినాడు. సదువుకున్నోడు గదా. వాణ్ని ఎయ్యమను."

రైతు నా వైపు చూశాడు. మొదటి దోసెడు నేను వేశాను. అతను ఆ కాయల వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. తర్వాత వచ్చిన నిమ్మనపల్లె ఆయన విషయం విని, "మల్లొస్తాలేప్పా" అని ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఆయన పక్క మండీలోకి వెళ్లడం ఇద్దరమూ చూశాం.

"కోపంలో అంటి నాయనా" అన్నాను ఆ సాయంత్రం.

"కోపంలో అన్యా, ఇంకెట్ల అన్యా, అంటివి గదా" అన్నాడు. ఆయన బాధపడుతున్నాడని నాకు అర్థమైంది. బేరాలు పోతున్నందుకు కాదు. ఇన్నేళ్లూ తన చేతిలో ఏదో ఉందని పదిమందీ నమ్మితే ఆయనా నమ్మాడు. నేను ఒక్క మాటతో అది లేదనేశాను, అదీ పండగపూట, హమాలీల ముందు.

కాళ్లు పట్టుకుని తప్పయిందని అంటే సరిపోయేది. నాకు మాత్రం అంతకన్నా ఆంప్ రిపేరు చేయించడమే సులభమనిపించింది. అది మళ్లీ పలికితే నా మాట దానంతటదే రద్దయిపోతుందని లెక్క వేసుకున్నాను.

మదనపల్లెకు తీసుకెళ్లాను. టీవీలు బాగుచేసే అతను వెనక రేకు విప్పి లోపలికి తొంగిచూశాడు. "బల్బులు యాలన్నా దీంట్లో? అన్నీ పీకేసి మంచి బోర్డు పెడతా. బ్లూటూత్ వస్తాది, ఎఫ్ఎమ్ వస్తాది" అన్నాడు. ఎఫ్ఎమ్ వద్దన్నందుకు అతనికి నా మీద జాలి కలిగింది. కుప్పంలో పాత రేడియోలు బాగుచేసే ముసలాయన ఒకడున్నాడని చివరికి అతనే చెప్పాడు.

ఆంప్‌ను గోనెసంచిలో చుట్టి బస్సెక్కాను. కుప్పం మెకానిక్ ఇప్పుడు మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేస్తున్నాడు. వాల్వులు చూడగానే, చాన్నాళ్లకు చుట్టమొచ్చినట్టు లేచి కళ్లజోడు తుడుచుకున్నాడు. నేను పూజ సంగతంతా చెప్పాను. ఆయన వింటూనే విప్పి, టార్చి వేసి లోపలంతా చూశాడు.

"నీళ్లు పోయింటే ఈడ మరక ఉండల్ల గదప్పా. యాడుండాది? పసుపు ముందర స్పీకరు గుడ్డ మిందనే ఎండిపోయుండాది." తర్వాత బొటనవేలంత డబ్బా ఒకటి చూపించాడు. దాని నెత్తి ఉబ్బి, పగిలి ఉంది. "ఇది కెపాసిటర్. కరెంటును వడగట్టేది. వయసైపోయి పోయింది, అంతే. పూజ చేసినా పోతాది, చెయ్యకపోయినా పోతాది."

ఆయన అంతటితో ఆపలేదు.

"ఇది ఒక్కరోజులో పోయేది కాదు. పోయే ముందర రెండు నెల్లు గూఁ అని మూలుగుతా ఉంటాది. ప్రతి సద్దు కిందా యినిపిస్తాది. నీకు యినపళ్యా?"

వినపడింది. దాన్నే వెచ్చదనమని గ్రూపులో పెట్టాను.

"గిటార్ వాయిస్తానంటివే!" అని ఆయన నన్ను కాసేపు చూసి, పనిలో పడ్డాడు. గుడుపల్లె నుంచి మిక్సీ రిపేరుకు వచ్చిన ఒకావిడ ఇదంతా విని కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. సాయంత్రానికి కెపాసిటర్లు మార్చి ఇచ్చాడు. ఆంప్ పలికింది. మూలుగు లేదు. నేను రెండు నెలలు మురిసిపోయిన ఆ నిండుతనమూ లేదు.

మర్నాడు పొద్దున మండీలో జనం ఉన్నప్పుడే, హమాలీలు నలుగురూ ఉన్నప్పుడే చెప్పాలనుకున్నాను. సోమల వైపు నుంచి ఇంకో రైతు వచ్చి, సంచి పట్టుకుని ఎవరి ముందు తెరవాలో తెలియక నిలబడి ఉన్నాడు. నేను మా నాయన ముందుకెళ్లి అందరికీ వినపడేలా చెప్పాను.

"తప్పు నాదే నాయనా. నీళ్లు లోపలికి పోనేలేదంట. దాంట్లో ఒక సామాను ముందే చెడిపోయుండాదంట. రెండు నెల్లుగా మూలుగుతాంటే నేనే కనుక్కోలేకపోతి."

ఆయన ఆశ్చర్యపోలేదు.

"నాకు తెల్సు లేరా" అన్నాడు. "మద్యాన్నం పూట ఈడ కూర్చుంటే యినపడతానే ఉండె. జబ్బు మనిసి మూలిగినట్ల. నీకు చెప్తే నవ్వుతావు. అందుకే పూజలో పెడ్తి. నా చెయ్యి పడితే నయమైతాదేమో అని."

తన చేతుల వైపు చూసుకుంటూ అన్నాడు. "బాగుచేద్దామని చెయ్యి పెడితే ఆపొద్దే పాయ. మంచి చెయ్యి అయింటే పోతాదా? నువ్వన్న మాట సరిగ్గానే ఉండాది."

ఒప్పుకుంటే తీరిపోతుందనుకున్నాను. నీళ్ల నేరం నుంచి విడిపించబోయి, ఆయన చేతిని ఇంకా పెద్ద తప్పులో ఇరికించాను. హమాలీలు నన్నే చూస్తున్నారు. రైతు సంచి మడవబోతున్నాడు.

"లేదు నాయనా" అన్నాను. "ఆయన ఇంకో మాట కూడా చెప్పినాడు. ఆ పొద్దు గాని పోకుంటే ఇంకో వారానికి లోపల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేదంట. అది కాలితే ఎవురూ బాగుచేయలేరంట. నీ చెయ్యి పడినందుకే చిన్నదాంతో పోయింది. లేకుంటే నా ఆంప్ నాకు లేదు."

కుప్పం మెకానిక్ ట్రాన్స్‌ఫార్మర్ గురించి ఒక్క మాట కూడా అనలేదు. బీయస్సీ చదివిన నేను, పదిమందిలో, మొదటిసారి మా నాయన చేతి మంచితనం గురించి వాదించాను, అదీ అప్పటికప్పుడు అల్లిన అబద్ధంతో.

తడి కాయలు తెచ్చి ఎండినవని చెప్పేవాళ్లను అరవై ఏళ్లుగా చూస్తున్న మనిషి ఆయన. నా మొహంలోకి చాలాసేపు చూశాడు. నేను కళ్లు దించుకోలేదు.

తర్వాత రైతు వైపు తిరిగి, "సంచి సరిగ్గా పట్టుకోప్పా" అని, రెండు చేతులూ రాశిలో పెట్టాడు.