నిలబడి పట్టుకోని తెర

జోర్నిత్స ఏం పని చేస్తుందో వాళ్ళమ్మకి ఇప్పటికీ అర్థం కాదు. "బొత్తాలు గీస్తుంది" అని ఇరుగుపొరుగుకి చెబుతుంది. అందులో అబద్ధమేమీ లేదు. వెనక్కి పూర్తిగా మడిస్తే పలకలా మారిపోయే ల్యాప్‌టాప్‌లు ఉంటాయి కదా. అలా మడిచి చేతపట్టుకున్నప్పుడు కీబోర్డు పనిచేయదు, భారమంతా తెరమీదా బొటనవేళ్ళమీదా పడుతుంది. ఆ వేళ్ళకి ఏ బొత్తాం ఎక్కడ అందాలో నిర్ణయించడమే ప్లొవ్‌దివ్ పట్టణంలో ఆమె ఉద్యోగం. రైలు కండక్టర్ల కోసం చేసిన తెరతో మంచి పేరొచ్చింది. పేరుతోపాటు కాస్త తలబిరుసూ వచ్చింది.

ఆ తెరని పరీక్షించడానికి కండక్టర్లని ఆఫీసుకి పిలిచిన రోజు, పొద్దున్నే లేచి తన చేత్తో బానిత్స అనే పొరల రొట్టె కాల్చింది, లోపల జున్ను దండిగా పెట్టి. వచ్చిన మనిషిని నిలబెట్టి మాట్లాడే అలవాటు ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. అందర్నీ మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టి, కడుపునిండా తినిపించి, అప్పుడు యంత్రాలు చేతికిచ్చింది. వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని నొక్కి చూసి "బంగారంలా ఉంది తల్లీ" అన్నారు. తిన్న నోటితో వంకలెవరు పెడతారు?

ఆ యంత్రాలు రైళ్ళలోకి వచ్చాక ఒక శనివారం, మేనత్తని చూడ్డానికి కార్లొవో వెళ్ళే రైలెక్కింది. పెట్టె ఆ చివర లుద్మిల్ కనిపించాడు, ఆ రోజు బానిత్స మారు వేయించుకుని తిన్న పెద్దాయన. ఎడమచేత్తో యంత్రం మోస్తూ, కుడిచేత్తో టికెట్టు నొక్కి, బండి ఊగగానే అదే చేత్తో కడ్డీ పట్టుకుంటున్నాడు. యంత్రం జారిపోకుండా ఎడమ బొటనవేలు తెరమీదికి పాకి బిగుసుకుంటోంది. సరిగ్గా అక్కడే ఉంది రద్దు బొత్తాం. కొట్టిన టికెట్టు కొట్టినట్టే మాయం.

"ఏం బాబాయ్, టికెట్టిస్తావా, దిగి నడిచిపొమ్మంటావా?" అన్నాడొక ప్రయాణికుడు.

"నా వేళ్ళు మొద్దువి నాయనా, ఏమనుకోకు. చేసిన పిల్ల మాత్రం బంగారం!"

జోర్నిత్సకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మఫ్లరు ముక్కుదాకా లాక్కుని కిటికీ వైపు తిరిగింది. ఆయన సీటు సీటుకీ క్షమించమంటూ వస్తున్నాడు. అవన్నీ తను చెప్పుకోవాల్సిన క్షమాపణలు. లేచి ఒక్క మాట చెబితే సరిపోయేది. లేవలేదు. స్టేషన్లు వస్తున్నాయి, పోతున్నాయి, ఆమె సిగ్గుతో చచ్చిపోతూ అలాగే కూర్చుంది.

ఆమె ముందు సీటులో తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ వెనెత ఉంది. లుద్మిల్ దగ్గరికి రాగానే విసుక్కుంది.

"ఇంక చాలు లుద్మిల్. ఇది నీవల్ల అయ్యే పని కాదు. సోమవారం నుంచి సామాన్ల గదిలో కూర్చో."

"ఇంకొన్నాళ్ళు చూడండమ్మా. బండిలో తిరక్కపోతే నాకు పొద్దుపోదు."

అప్పుడు లేచింది జోర్నిత్స.

"తప్పు ఆయనది కాదండీ. ఈ తెర చేసింది నేనే. అందర్నీ కూర్చోబెట్టే చూశాను. నిలబడి ఒక్కసారైనా నేను పట్టుకోలేదు, వాళ్ళచేత పట్టించలేదు."

లుద్మిల్ ముఖం విప్పారింది. "మా తల్లే! ఈ పిల్ల మాట పట్టించుకోకండమ్మా, మనసు వెన్న. నా ఉద్యోగం నిలబెట్టాలని తనమీద వేసుకుంటోంది."

వెనెత కూడా నవ్వేసింది. నిజం చెప్పినా మంచితనం కిందే జమ అయింది. జోర్నిత్స యంత్రాన్ని తీసుకుని ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టింది.

"మీరు లేచి, ఆయన పట్టుకున్నట్టే పట్టుకుని ఒక్క టికెట్టు కొట్టండి."

వెనెత లేచి నిలబడింది. బండి మలుపు తిరిగింది, టికెట్టు పోయింది. పళ్ళు బిగించి మళ్ళీ కొట్టింది. మళ్ళీ పోయింది. యంత్రం లుద్మిల్ చేతికి తిరిగిచ్చి కూర్చుంది.

"సామాన్ల గది మాట మర్చిపో. ఇది బాగయ్యేదాకా కాగితం టికెట్లే ఇవ్వు," అంది.

లుద్మిల్ సంతోషించలేదు. జోర్నిత్స వైపు తిరిగాడు.

"ప్లొవ్‌దివ్ నుంచీ ఈ పెట్టెలోనే ఉన్నావా తల్లీ?"

"ఉన్నాను."

"నేను వాళ్ళందర్నీ బతిమాలుకోవడం విన్నావా?"

"విన్నాను."

ఆయన టోపీ సర్దుకున్నాడు.

"మీ టికెట్టు చూపించండి మేడమ్," అన్నాడు.