వెనక సీట్లో సుందరరావు గారు

2023 వసంతకాలం. నార్త్ కరోలినాలోని క్యారీలో నేను స్పీచ్ థెరపిస్టుగా పనిలో చేరిన మొదటి ఏడాది. ఇళ్ళకు వెళ్ళి థెరపీ చేసే ఏజెన్సీ మాది. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో కొందరికి అఫేజియా వస్తుంది. చెప్పాలనుకున్నది మనసులో ఉంటుంది, ఎదుటివాళ్ళ మాటా అర్థమవుతుంది, కానీ కావలసిన మాట నోటికి రాదు. సుందరరావు గారిది అదే. మందుల కంపెనీలో సైంటిస్టుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నారు. ఏజెన్సీలో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఆ కేసు నాకిచ్చారు.

గోల్ ఒక్కటే. ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేసి తన పేరు, అడ్రస్, ఏమైందో చెప్పగలగాలి. చెప్పగలిగితే ఆ ఇంట్లోనే ఉండొచ్చు. లేకపోతే వేసవిలో కూతురు వచ్చి తనుండే ఊరు షామ్‌బర్గ్ తీసుకెళ్ళిపోతుంది. ఆయనకి వెళ్ళడం ఇష్టం లేదని చెప్పడానికి మాటలు అక్కర్లేదు. షామ్‌బర్గ్ అన్నప్పుడల్లా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకునేవారు.

మొదటిరోజే హాల్లో గోడ నిండా తెలుగు పుస్తకాలు చూశాను. నేను నలుగురిలో కలిసేదాన్ని కాదు. సాయంత్రాలు చదువుకోవడం, డైరీ రాసుకోవడం, అంతే. ఈయనకి మాటొస్తే ఆ పుస్తకాల గురించి ముందు నాతోనే మాట్లాడతారని ఊహించుకున్నాను.

మేం వాడే పద్ధతుల్లో క్యూయింగ్ ఒకటి. కప్పు బొమ్మ చూపిస్తాం. పేషెంటుకి మాట రాకపోతే మొదటి శబ్దం అందించి ఆగుతాం. ఆ ఆగడమే నాకు చేతకాలేదు. అంత పెద్దాయన నా ముందు మాట కోసం తడుముకుంటుంటే చూడలేక "కప్పు కదండీ" అనేసేదాన్ని. ఆయన "ఆ, ఆ" అని మర్యాదగా తలూపేవారు. తర్వాత కాఫీ తాగుతారా అని వేళ్ళతో అడిగేవారు. నాకు అర్థమయ్యేది. ఒకరినొకరు ఇబ్బంది పెట్టకుండా గంట గడిపేసేవాళ్ళం.

ఇలా ఉండగా ఒకరోజు గ్యారేజ్ తలుపు తోసుకుని ఒక అమ్మాయి లోపలికొచ్చింది. పక్కింటి అనిక. పదహారేళ్ళది.

"అంకుల్, ఆ షర్ట్ ఏంటి? పిల్లో కవర్‌లా ఉంది!"

సుందరరావు గారు పకపకా నవ్వారు. ఆయన నవ్వు వినడం నాకదే మొదటిసారి.

"హాయ్ ఆంటీ," అంది నాతో. అప్పటికి నాకు ఇరవై నాలుగు.

స్ట్రోక్‌కి ముందు ఆమెకి డ్రైవింగ్ నేర్పింది ఈయనేనట. వాళ్ళ నాన్న నేర్పితే ఇద్దరూ అరుచుకుంటూ ఇంటికొచ్చేవాళ్ళట. తర్వాత నేను వెళ్ళినప్పుడల్లా ఆమె అక్కడే ఉండేది. ఆయన ఫ్రిజ్ తెరిచి ద్రాక్షపళ్ళు తినేది. నన్ను ఆయన ఎప్పుడూ "డాక్టర్... గారూ" అనేవారు. డాక్టర్ని కానండీ అని చెప్పినా అంతే. తనని "పిల్లా" అనేవారు. ఆ మాట ఎక్కడా తడబడేది కాదు.

ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆయన అనిక వాళ్ళ కారు వెనక సీట్లో కూర్చుని ఉన్నారు.

"రోడ్ టెస్ట్ నెక్స్ట్ వీక్," అంది అనిక. "అంకుల్ కోచ్. అమ్మ ముందు కూర్చుంటుంది, కానీ మాట్లాడదు. ప్రామిస్ చేసింది."

"నేను మాట్లాడితే చెట్టుకి గుద్దేస్తుందట," అంది వాళ్ళమ్మ.

థెరపీ ఇంట్లోనే చేయాలని రూలేమీ లేదు. నేనూ వెనక ఆయన పక్కన ఎక్కాను. వీధి చివర స్టాప్ సైన్ దగ్గర అనిక కారాపింది.

"అంకుల్, ఎటు?"

ఆయన ఎడమచెయ్యి ఎత్తి చూపించారు. నేను నోరు తెరిచాను.

"ఆంటీ, మీరు చెప్పకండి. అంకుల్, చెయ్యి చూపిస్తున్నావా? నాకు కనపడదు. కళ్ళు రోడ్ మీదే ఉండాలని నువ్వే చెప్పావ్."

"ల... ల..."

వెనక కారు హారన్ కొట్టింది. వాళ్ళమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

"కొట్టుకోనీ. ఎటు, అంకుల్?"

"లెఫ్ట్! లెఫ్ట్, పిల్లా!"

"ఓకే, ఓకే. అరవకు."

తర్వాత "స్లో" వచ్చింది, "మిర్రర్" వచ్చింది, "ఆగు" వచ్చింది. అన్ని వారాల్లో నా దగ్గర రాని మాటలు ఆ ఒక్క డ్రైవ్‌లో వచ్చాయి. నేను సంతోషించాల్సింది. కడుపు మండిపోయింది. ఆ రోజు డైరీలో ఆయన గురించి ఒక్క ముక్క లేదు, అంతా అనిక గురించే. ఆమె నవ్వు, ఆ ద్రాక్షపళ్ళు, బెరుకన్నదే లేని ఆ గొంతు.

కానీ ఆ మంటలోనే, ఆమె దగ్గర ఏముంది నా దగ్గర లేనిది అని తవ్వుకుంటుంటే ఒకటి తట్టింది. ఆమె ఆయన్ని చూడలేదు. నేను ఆయన చెయ్యి చూసి, కళ్ళు చూసి, అన్నీ అర్థం చేసుకుని, మాటతో పని లేకుండా చేస్తున్నాను. ఫోన్‌లో అవతలివాళ్ళకి చేతులు కనపడవు కదా.

తర్వాతిసారి వెళ్ళినప్పుడు నా కుర్చీ పుస్తకాల గోడవైపు తిప్పి, ఆయనకి వీపు పెట్టి కూర్చున్నాను. పెద్దవాళ్ళకి వీపు పెట్టడం నాకు అలవాటు లేదు, చెవులు వేడెక్కాయి.

"మీ పేరు చెప్పండి. మీ చేతులు నాకు కనపడవు."

విసుగ్గా కుర్చీ జరిపిన చప్పుడు. ఆయన ఇబ్బందిని చూడకుండా ఉంటే ఆగడం నాకూ తేలికైంది. ఆ అలమారలో పుస్తకాల పేర్లన్నీ పైనుంచి కిందికి చదివాను.

"సుం... సుందర... రావు."

తర్వాత వంటింట్లోంచి, ఆ తర్వాత బయట నా కార్లో కూర్చుని ఫోన్ చేసి అడిగాను. వేసవిలో కూతురు వచ్చిన రోజు కూడా అలాగే కార్లోంచి ఆపరేటర్‌లా మాట్లాడాను. పేరు చెప్పారు. అడ్రస్ తడబడి, సరిచేసుకుని చెప్పారు. ఏమైందంటే "ఫెల్. ఐ ఫెల్" అన్నారు. లోపలికెళ్ళేసరికి కూతురు కళ్ళు తుడుచుకుంటోంది. "సరే నాన్నా, ఇక్కడే ఉండు," అంది.

ఆయన నన్నూ, అక్కడే ఉన్న అనికనీ కూతురికి పరిచయం చేశారు. నన్ను చూపించి "డాక్టర్ గారు" అన్నారు. అనికని చూపించి, మాట కోసం వెతుక్కుని, "నా... ఫ్రెండ్" అన్నారు. ఆ మాట కోసం ఆయన వెతుకుతున్నప్పుడు నేను అందించలేదు.

పుస్తకాల గురించి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. పేషెంటుకి మాట ఎవరి దగ్గర వస్తుందో వెళ్ళి చూడాలి, అది మన దగ్గర కాకపోయినా సరే. ఈ కేసు నాకు నేర్పింది అది. ఇప్పుడు కొత్త పేషెంటు ఇంటికెళితే, మీరు ఎవరితో నవ్వుతారు అని ముందే అడుగుతాను.

మొన్న కారు అద్దాలు దించుకుని ఆ వీధిలోంచి వెళ్తున్నాను. అనిక తన కారు డ్రైవ్‌వేలోంచి వెనక్కి తీస్తోంది. సుందరరావు గారు పచ్చికలో నిలబడి ఉన్నారు. వస్తున్న కారులో ఉన్నది నేనని గమనించలేదు.

"ఆగు!" అని అరిచారు ఆమెతో.

నా కాలు బ్రేక్ మీద పడింది.