పిండి సిపాయిలు

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్లు నిండిన మూడో నెలలో, ఒక మంగళవారం పగలు పన్నెండూ పదికి మా ఇంటి తాళంలో తాళంచెవి విరిగింది. జెడ్డాలో మాది మూడో అంతస్తు అద్దె ఇల్లు. అమ్మకు నొప్పులొస్తే నాన్న ఆసుపత్రికి తీసుకెళ్తూ, అలవాటు ప్రకారం బయటి నుంచి తాళం వేసి, రెండో తాళంచెవి పక్కింటి అక్కకు ఇచ్చారు. లోపల నేనూ, నాలుగేళ్ల తమ్ముడూ. మాది కరీంనగర్, అక్కది కడప. మాకు అన్నం తెచ్చి ఆమె తలుపు తీయబోతే చెవి సగం చేతిలో, సగం తాళంలో ఉండిపోయింది.

మా భవనం కాపలా మనిషి తాళాలవాడి కోసం పరుగెత్తి వెళ్లి ఉత్త చేతులతో వచ్చాడు. నమాజుకు మూసిన తాళాల దుకాణం మళ్లీ నాలుగింటికి గానీ తెరవరట. పన్నెండున్నరకు కరెంటు కూడా పోయింది. కిటికీలన్నింటికీ ఇనుప చువ్వలు. తమ్ముడు చెమటలో తడిసి, ఎక్కిళ్లు పెట్టి ఏడ్చి, చివరికి ఏడవడం మానేశాడు. నాకు అప్పుడే అసలు భయం వేసింది.

"పాపా, వాణ్ని తలుపుకాడికి తీసకరా. కింద సందులోంచి మెట్ల గాలి వచ్చాది. గోధుమపిండి, నీళ్లు గూడా తెచ్చుకో. చైనా రాజు కత చెప్తా," అంది అక్క తలుపవతలి నుంచి.

నేల మీద బోర్లా పడుకుని విన్నాం. ఆ దేశపు తొలి చక్రవర్తి చావుకు జడిసి, బతికుండగానే మట్టి కింద ఊరంత సమాధి కట్టించుకున్నాడట. కాపలాకు వేల మంది మట్టి సైనికులు, మట్టి గుర్రాలు. ముఖాలు మాత్రం వేటికవే వేరట. మీరూ చేయండి, ఒకరి ముక్కు ఒకరికి పెట్టొద్దు, అంది. తడిపిండి చల్లగా ఉంటే తమ్ముడు సగం మెడకు పూసుకున్నాడు.

"పక్కింటక్కా, నా సిపాయికి మూతి లేదు!"

"లేకుంటే ఏమిలే నాయనా, నీ మాదిరి ఏడవడు."

వాడు నవ్వాడు.

మధ్యలో అక్క ఇంట్లో ఫోను రెండుసార్లు మోగింది. నెలకోసారి ఆ వేళకే కడప నుంచి వాళ్లమ్మ ట్రంకు కాల్ చేస్తుందని నాకు తెలుసు.

"ఫోను, అక్కా."

"మోగనీలే."

సమాధి లోపలి తలుపులు మూసినప్పుడు పనివాళ్లు కొందరు అందులోనే ఉండిపోయారని కథలో అక్క నోరు జారింది.

"ఆ పనోళ్లు మల్ల ఎట్ల బయటికొచ్చిండ్రు?" అని అడిగాను.

అక్క తలుపుకు ఇంకా దగ్గరగా జరిగింది.

"రాలేదు పాపా. వాళ్ల తలుపవతల ఎవురూ కూచోలేదు. నేను ఈడ్నే కూచొనుండా."

సందులోంచి ఆమె నాలుగు వేళ్లు లోపలికి వచ్చాయి. తమ్ముడు పట్టుకున్నాడు.

తాళాలవాడు వచ్చి నాలుగూ ఇరవై ఐదుకు తలుపు తెరిచాడు. ఆ సాయంత్రం నాన్న వచ్చి చెల్లెలు పుట్టిందన్నారు.

పిల్లలకు అబద్ధం చెప్పి ఊరుకోబెట్టకూడదని, నిజం చెప్పినవాళ్లు లేచి వెళ్లిపోకూడదని ఆ రోజు తెలిసింది. ఇన్నేళ్లకు, పోయిన నెల మా భవనం లిఫ్టులో ఒక అమ్మాయి ఇరుక్కుంటే, నా మనవరాలు సాయం కోసం ఫోన్లు చేస్తుండగా నేను కుర్చీ వేసుకుని ఆ తలుపు ముందు యాభై నిమిషాలు కూర్చున్నాను.

ఆ మంగళవారం పోయినవి: తాళం ఒకటి, తాళంచెవి ఒకటి, గోధుమపిండి రెండు కిలోలు, అక్కకు వాళ్లమ్మతో మాట ఒకటి. ఆ ఫోను మళ్లీ ముప్పై మూడు రోజులకు మోగింది.