కొళాయి గుంత

మగ్గాల వీధికి రెండు రోజులకొకసారి నీళ్లు వదిలేది ఓబుళేశే. వదలడం ఆలస్యమైతే తిట్టేదీ ఆయన్నే, కట్టేస్తే శపించేదీ ఆయన్నే. ఏళ్ల తరబడి పడుతున్న తిట్లు కాబట్టి అవి ఆయనకు పెద్దగా తగలవు. ఆయనకు ఒళ్లు మండేది గుంతలను చూస్తేనే.

ఎండలు ముదిరి నీళ్ల జోరు తగ్గిన ఏడు, ఎవరో మహానుభావుడు ఇంటి ముందు మోకాటిలోతు గుంత తవ్వి, కొళాయిని కోసి అందులోకి దించాడు. పల్లంలో ఉన్నవాడికి నీళ్లు ముందు వస్తాయి కదా! పక్కింటివాడు ఊరుకుంటాడా? ఇంకో జానెడు తవ్వాడు. ఇప్పుడు ఆ వీధిలో ఒక్క కొళాయీ నేలమీద లేదు. కారిన నీళ్లు, బోకులు తోమిన నీళ్లు, కాలువలోంచి ఊరిన మురుగు, అన్నీ ఆ గుంతల్లోకే. నీళ్లు కట్టేయగానే పైపు ఖాళీ అవుతూ లోపలికి పీలుస్తుంది. కొళాయి మూతి గుంత నీళ్లలో మునిగి ఉంటే ఆ మురికంతా తాగి, మరుసటి వంతులో వీధికంతా పంచుతుంది.

"గుంతలు పూడ్చండప్పా, మీ మురికి మీరే తాగుతాండారు" అని ఓబుళేశు నెత్తీనోరూ కొట్టుకున్నాడు.

"నీళ్లు అద్దం మాదిరి ఉండాయి కదన్నా, యాడుండాది మురికి?" అనేవాళ్లు. ఆఫీసులో చెబితే, రాసి పైకి పంపామన్నారు. పోనీలే అని వదిలేద్దామంటే ఇంట్లో మనవరాలు శివాని ఉంది. కూతురు శశికళ ఎర్రగుంట్లలో పనికి పోతూ పసిదాన్ని ఈయన దగ్గర వదిలింది. వచ్చినప్పటినుంచీ పిల్లకు విరేచనాలే. తగ్గుతాయి, మళ్లీ పట్టుకుంటాయి. ముఖం పీక్కుపోయింది. భార్య రామలక్ష్మమ్మ దిష్టి తీస్తుంది, మందు పోస్తుంది, ఆ మందునూ ఆ నీళ్లలోనే కలుపుతుంది. కాచమంటే, తేటనీళ్లను కాచేదేంటికంటుంది.

ఒక వంతులో కొళాయిలన్నింటా ఎర్రనీళ్లు వచ్చాయి. నూలుకు రంగు వేసే హనుమేష్ తొట్టి నీళ్లు కాలువలో పారబోశాడు, కాలువ పొంగి గుంతల్లోకి దిగింది. జనం అతని మీదికి పోయారు. ఓబుళేశుకు మాత్రం లోపల సంతోషమేసింది. ఇన్నాళ్లకు కళ్లతో చూశారు, ఇక పూడుస్తారనుకున్నాడు. ఏం పూడుస్తారు! హనుమేష్ తొట్టిని ఊరి బయటికి తోలారు. మళ్లీ నీళ్లు తేటగా వచ్చాయి. "సరిపాయ, నీళ్లు బాగైనాయి" అన్నారు. పుండు ఒకచోట, మందు ఇంకోచోట.

ఆ కోపంతో ఇంటికి వస్తే, రామలక్ష్మమ్మ గడ్డపార పట్టుకుని సొంత గుంతనే లోతు చేస్తోంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఓబుళేశు ఏనాడూ ఇంట గెలవలేదు.

"పిల్లకు బాగలేకుండా చేస్తాండేది ఈ గుంతలే కదమే!" అన్నాడు.

"మన గుంత నేను రోజూ కడుగుతాండా. మన గుంతలోది యాడికీ పోదు. పోయేది వాళ్ల గుంతల్లోదే" అందామె.

తరువాతి వంతున ఓబుళేశు నీళ్లు కట్టేయడానికి బయలుదేరుతూ, వంటింట్లోంచి దోసెడు పసుపు తెచ్చి ఆ గుంతలో కలిపాడు. తినే పసుపే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

మరుసటి వంతులో పక్కింటి భీమమ్మ బిందెలోకి పసుపునీళ్లు దూకాయి. "హనుమేషు మళ్లా మొదలుపెట్టినాడు!" అని ఆమె కేక వేసింది. వీధంతా పోగయింది.

"వాణ్ణి అనద్దమ్మా. అది మా ఇంటి పసుపు. మా గుంతలో నేనే కలిపినా. ఆడనుంచే మీ బిందెలోకి వచ్చినాది" అన్నాడు ఓబుళేశు.

రామలక్ష్మమ్మ ఆ బిందెలోకి వంగి వాసన చూసింది. తన చేత్తో దంచిన పసుపే. శివాని వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తాగే నీళ్లలో కలుపుతావా?" అని వీధి ఓబుళేశు మీదికి వచ్చింది.

"నేను కలిపింది పసుపొక్కటే. మిగతాదంతా మనమందరం కలిపిందే!" అని అరిచాడు. తిలాపాపం తలా పిడికెడు. అయినా ఒక్కరి చెవికీ ఎక్కలేదు.

రామలక్ష్మమ్మకు మాత్రం ఎక్కింది. ఆ సాయంత్రమే గుంత పూడ్చి, కొళాయిని నడుమెత్తుకు లేపించింది. ఓబుళేశుకు కళ్లు చెమర్చాయి.

మళ్లీ నీళ్ల రోజు వచ్చింది. వీధిలో గుంతలన్నీ గలగలమన్నాయి. గుంత పూడ్చిన ఇంటి కొళాయి మాత్రం బుస్సుమని గాలి వదిలి, రెండు చుక్కలు రాల్చి ఊరుకుంది. నీళ్లన్నీ లోతు గుంతలే లాక్కున్నాయి. శివాని గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడింది.

"వదినా, మా గుంతలో శానా వస్తాండాయి. రా, పట్టుకో" అని భీమమ్మ పిలిచింది. మొన్న తిట్టిన నోరే, మనసు మంచిది.

రామలక్ష్మమ్మ కదలలేదు. ఓబుళేశే బిందె తీసుకుని భీమమ్మ గుంతలోకి వంగాడు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. నిండిన బిందెను భార్య ముందు దించాడు. ఆమె ఆ నీళ్లు కాచడానికి పొయ్యి ముట్టించింది.

ఇక కట్టేసే వేళయింది. ఆయన వాల్వు దగ్గరికి నడిచాడు. దారి పొడవునా గుంతలు నిండి, కొళాయి మూతులన్నీ మునిగి ఉన్నాయి. ఓబుళేశు వీధినీ, ఆఫీసునూ, తన బతుకునూ కలిపి తిట్టుకుంటూ చక్రం తిప్పాడు.