కోయని మూల

పోయిన మంగళవారం పొద్దున మా పెదనాయన కన్నుమూశారు. ఆయనకూ నాకూ రక్తసంబంధం లేదు. ఇంటి ప్లాన్లు గీసే పని నాకు నేర్పిన గురువు, మా వీధి చివరింట్లో ఉండే పెద్దమనిషి. ఆయన కూతురు ఫోన్ చేసి "నాయన లేడన్నా" అని మాత్రం అంది. నేను చొక్కా వేసుకుని బయటికొచ్చేసరికి శవం బండి మా ఇంటి మూల దగ్గర ఆగి ఉంది. వీధిలోకి తిరగడానికి దానికి చోటు లేదు.

ఆ మూల గురించి చెప్పాలంటే మా కాలనీ గురించి చెప్పాలి. చెప్పాలంటే నాకే రోతగా ఉంది.

మార్కాపురం నుంచి కొనకనమిట్ల పోయే దారిలో యూనివర్సిటీ వచ్చిన కొత్తలో, దాని గేటు ముందున్న కంది చేలన్నీ ప్లాట్లయ్యాయి. ఇప్పుడక్కడ నాలుగంతస్తుల హాస్టళ్లు. ఒక హాస్టల్ కిటికీలోంచి పక్క హాస్టల్ కిటికీలోకి సబ్బు అందించుకోవచ్చు. ప్రతి ఇంటి మెట్లూ రోడ్డు మీదికే దిగుతాయి. మెట్ల కింద మురుగు, మురుగులో టిఫిన్ సెంటర్ల మిగులు సాంబారు, దాని మీద ఈగలు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు పుస్తకం ఒక చేత్తో, ముక్కు ఒక చేత్తో పట్టుకుని నడుస్తారు. కాలనీ మొదట్లో మాత్రం 'ఆదర్శ విద్యానగరం' అని పెద్ద బోర్డు ఉంది. ఈ ఘనకార్యంలో సగం ప్లాన్లు గీసింది నేనే.

పెదనాయన కాలనీకి మొదట గీసిన ప్లాను ఇది కాదు. గేటు నుంచి బస్టాపు దాకా వేపచెట్ల నీడన నడకదారి, మురుగుకు ముందే వాలు, ప్రతి మలుపులో కోసిన మూలలు. మూల కొయ్యడమంటే, రెండు రోడ్లు కలిసే చోట ఉన్న ప్లాటువాడు తన స్థలం మొనను ఏటవాలుగా వదిలిపెట్టడం. అప్పుడు వచ్చే బండి కనబడుతుంది, పోయే బండి తిరుగుతుంది.

ఆయన ఏదైనా ముందు పలక మీదే గీసేవారు. మా మార్కాపురం పలకే, ఫ్రేము ఊడిపోయి అంచులు అరిగినది. "కాగితం మీద గీసింది తప్పని తెలిసినా చింపబుద్ధి కాదురా. పలకైతే ఇంత ఉమ్మేసి తుడిచెయ్యొచ్చు" అనేవారు. నిజంగానే ఉమ్మేసి తుడిచేవారు. డెబ్బై దాటినా ఆ అలవాటు పోలేదు.

ఇల్లు కట్టేవాళ్ల దగ్గరికి పోతే యజమానిని కాదు, ఆ ఇంటి ముసలమ్మను పలకరించేవారు. "అమ్మా, అంట్లు తోమిన నీళ్లు యాడ పారబోస్తావు?" అని అడిగేవారు. హాలు ఎంత, పడగ్గదులు ఎన్ని అన్నవి ఆ తర్వాతే. ఇక సందు చూస్తే ఆయన అడిగేది ఒక్కటే. "ఈడ పాడె తిరుగుతాదా?"

ఒకసారి బజారులో కిరాణా దుకాణం నడిపే శెట్టిగారు కస్సుమన్నారు. "శుభమా అని ఇల్లు కట్టుకుంటాంటే పాడె మాటేంది సామీ!"

పెదనాయన గొడుగు మొన నేలకు ఆనించి నిదానంగా చెప్పారు. "పెండ్లికూతురు కారు దిగి నడిచొస్తాది. పాడె మీద మనిషి దిగి నడవలేడు గదప్పా."

శెట్టిగారు ప్లాను వేరేవాళ్ల దగ్గర గీయించుకున్నారు. ఆ వేరేవాణ్ని నేనే.

మా దగ్గర ఒక దిక్కుమాలిన తెలివి ఉంది. ప్రతి ఇంటికీ రెండు ప్లాన్లు. అనుమతి కోసం ఆఫీసు ప్లాను ఒకటి, కట్టడానికి మేస్త్రీ ప్లాను ఒకటి. ఆఫీసు ప్లానులో గాలికి చోటు, చెట్టుకు చోటు, చుట్టూ ఖాళీ. మేస్త్రీ ప్లానులో గోడకు గోడ. మొదటిది బీరువాలోకి పోతుంది, రెండోది భూమ్మీద లేస్తుంది. పెదనాయన బతుకంతా ఒక్కటే ప్లాను గీశారు, అందుకే ఆయనకు గిరాకీ తగ్గింది. నేను రెండూ గీశాను, అందుకే నాకు మలుపు మీద ప్లాటు వచ్చింది.

నా ప్లాటుకు రోడ్ల వైపు మొన సరిగ్గా ఈశాన్యం. ఈశాన్యం కోస్తే వంశం నిలవదని మా అమ్మ అన్నం మానేసింది. నేనూ లోలోపల భయపడ్డాను, అబద్ధమెందుకు. ఆఫీసు ప్లానులో మూల కోశాను. నేల మీద కొయ్యలేదు. పైగా బయటికి మెట్లు దించి, మూలగదిని జిరాక్స్ షాపుకు అద్దెకిచ్చాను.

గృహప్రవేశం రోజు పెదనాయన వచ్చారు. పాయసం తాగారు. పోతూ పోతూ ఆ మూల దగ్గర నిలబడి, "కాగితం మీద ఈశాన్యం కోసినావు గదరా. దాంతో వంశానికి నష్టం లేదా?" అన్నారు.

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు కూడా. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

ఆయన తన ఇంటి మూల కోసి, అక్కడ పలకరాతి బండ ఒకటి వేయించారు. ఈ మొత్తం విద్యానగరంలో ఆడపిల్లలు బస్సు వేళయ్యేదాకా కాసేపు కూర్చునే చోటు అదొక్కటే. రోజూ సాయంత్రం ఆయన బజారుకు పోతూ నా మూల దగ్గర ఆగేవారు. అవతల నుంచి ఏ బైకు వస్తోందో కనబడదు కనుక, గొడుగుతో నా గోడను రెండుసార్లు టకటకమని కొట్టి అప్పుడు అడుగు ముందుకు వేసేవారు. లోపల కూర్చుని ఆ చప్పుడు వినేవాణ్ని. విని మళ్లీ పనిలో పడేవాణ్ని. అదీ నా బతుకు.

మంగళవారం బండి వీధిలోకి రాలేదు కనుక పాడె కట్టారు. నేనూ భుజం పట్టాను. మురుగులో కాళ్లు దిగుతుంటే, హాస్టల్ బాల్కనీల్లో ఆరేసిన బట్టలు తల మీద కారుతుంటే నడిచాం. నా మూల దగ్గర పాడె తిరగలేదు. ముందున్నవాళ్లు వెనక్కి, వెనకున్నవాళ్లు పక్కకి. "తల పైకెత్తు మామా!" "మెట్టు తగుల్తాంది, వంచండప్పా!" "ఈ కొంప ఎవుడిదిరా నాయనా!" ఎవరో బేస్తవారిపేట నుంచి వచ్చిన బంధువు, ఆ కొంప ఎవరిదో ఆయనకు తెలియదు. పాడెను వాల్చాల్సి వచ్చింది. పెదనాయన ఒక పక్కకు జారారు. ఆయన కూతురు పరుగున వచ్చి రెండు చేతులతో పట్టుకుంది. పచ్చి వెదురు బొంగు నా గోడను రాసుకుంటూ పోయింది.

నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. ఇప్పుడు కూడా అన్నం ముందు కూర్చుంటే ఆ జారడమే కనబడుతోంది.

మూడో రోజు జిరాక్స్ షాపు ఖాళీ చేయమని చెప్పాను. అమ్మ గొణిగింది, తర్వాత తనే, "ఆ మహానుభావుడు పక్కకు జారినాడు, నా కండ్లతో చూసినా. కొట్టిచ్చెయ్" అంది. నిన్న మేస్త్రీ వచ్చాడు. గోడ చుట్టూ తిరిగి చూశాడు.

"యాడిదాకా కొట్టాలన్నా? ప్లాను ఉందా?"

ఆఫీసు ప్లాను బీరువాలో ఉంది. తీయబుద్ధి కాలేదు. తెల్లటి సున్నం మీద వెదురు గీసిన గీతను చూపించాను. భుజమెత్తున, మూల నుంచి బారెడు పొడవున, కాస్త పచ్చగా ఇంకా అట్లాగే ఉంది.

"పెదనాయన గీసిపోయినాడు గదా, ఆడిదాకా" అన్నాను.